ఎండలోకి వెళ్తే నల్లబడిపోతానా నాన్నా?

ఈసారి వేసవి సెలవులకి ఇండియా వెళ్ళొచ్చాం. వెళ్ళేముందు వరకూ మా అమ్మాయికి ఈత క్లాసంటే ప్రాణం. దానికి ఎనిమిదేళ్ళు. శనివారం వచ్చిందంటే చాలు, నాకన్నా ముందే లేచి, ఈత కళ్ళజోడు తలకి తగిలించుకుని "లే నాన్నా, లేటయిపోతోంది" అంటూ దుప్పటి లాగేసేది. తిరిగొచ్చాక మొదటి శనివారం కడుపునొప్పి అంది. రెండో శనివారం తలనొప్పి అంది. మూడో శనివారం మా ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని బుజ్జగించి అడిగితే అసలు సంగతి బయటపడింది.

"ఎండలో ఈత కొడితే ఇంకా నల్లబడిపోతానట. నాయనమ్మ చెప్పింది. అప్పుడు నేను బాగోను కదా?"

మా అమ్మ చెడ్డ మనిషి కాదండీ. రెండేళ్ళ తర్వాత మనవరాలు కనిపించగానే ఎయిర్‌పోర్టులో గట్టిగా కావలించుకుని, బుగ్గలు నిమిరి, "ఎంత నల్లబడిపోయావే నా తల్లీ" అంది. అంతే. ఆ తర్వాత గుంటూరులో మేమున్న నాలుగు వారాలూ అత్తయ్యలు, పిన్నులు, పక్కింటివాళ్ళు వరసగా అదే మాట అన్నారు. ఒకరు సెనగపిండిలో మీగడ కలిపి రాయమన్నారు. ఇంకొకరు పాలల్లో కుంకుమపువ్వు వేసి తాగించమన్నారు. అందరూ ప్రేమతో అన్నవాళ్ళే. పిల్ల మాత్రం ఆ మాటల్ని మూటగట్టుకుని విమానం ఎక్కింది.

ఆ సోమవారం ఆఫీసుకి వెళ్ళాను. ఫ్లోరిడా బీచ్‌లో వారం గడిపి వచ్చిన మా తెల్ల సహోద్యోగి ఒకావిడ, చొక్కా చెయ్యి పైకి మడిచి ఎండకి కమిలిన రంగు చూపిస్తోంది. చుట్టూ ఉన్నవాళ్ళు "ఎంత మంచి రంగు వచ్చిందో" అని మెచ్చుకుంటున్నారు. ఎండ ఒకటే, చర్మంలో జరిగే పనీ ఒకటే. గుంటూరులో "అయ్యో" అన్నారు, డాలస్‌లో "ఆహా" అన్నారు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఒకే ఇన్‌పుట్‌కి రెండు చోట్ల రెండు వ్యతిరేకమైన ఫలితాలొస్తే, లోపల కోడ్ ఏముందో చూడందే నాకు నిద్రపట్టదు. అందుకే కొన్ని వారాలుగా లైబ్రరీ పుస్తకాలూ, పరిశోధన పత్రాలూ తిరగేశాను. నేను డాక్టర్ని కాను, సామాజిక శాస్త్రం చదువుకున్నవాణ్ణీ కాను. నాకు అర్థమైనంతలో మీతో పంచుకుందామని ఈ నాలుగు ముక్కలు.

అలంకారం ఎప్పటినుంచి?

"ఈ కాలం పిల్లలకి సోకులెక్కువైపోయాయి" అని పెద్దలు విసుక్కుంటారు గానీ, సోకు మనిషితో పాటే పుట్టింది. దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ అనే గుహలో పురావస్తు శాస్త్రవేత్తలకి చిన్నచిన్న నత్తగుల్లలు దొరికాయి. వాటికి దారం గుచ్చడానికి వీలుగా బెజ్జాలున్నాయి. వాటి వయసు సుమారు 75,000 సంవత్సరాలు. వ్యవసాయం తెలియదు, కుండ చెయ్యడం తెలియదు, కానీ మెడలో పూసలు కావాలనుకున్నారు! ప్రాచీన ఈజిప్టులో ఆడా మగా ఇద్దరూ కళ్ళకి కాటుక పెట్టుకునేవారు. పచ్చబొట్టో, పూసలో, పూతలో, జుట్టు ముడిచే తీరో, ఏదో ఒక అలంకారం లేని మానవ సమాజం ఎక్కడా కనబడదంటారు పరిశోధకులు.

ఎందుకిలా? మొదటి జవాబు జీవశాస్త్రం నుంచి వస్తుంది. నెమలి పింఛం బతకడానికి పనికిరాదు సరికదా, పారిపోవడానికి అడ్డం. మరి ఎందుకుంది? ఆడనెమలి దాన్ని చూసి జతగాణ్ణి ఎంచుకుంటుంది కాబట్టి అని చార్లెస్ డార్విన్ 1871లో వివరించాడు. మనుషుల్లోనూ నునుపైన చర్మం, ఒత్తయిన జుట్టు, తెల్లని పళ్ళు ఆరోగ్యానికీ, వయసుకీ గుర్తులు. ఎదుటివాళ్ళు వాటిని చదువుతారు. చదువుతారని మనకీ తెలుసు. అందుకే ఆ గుర్తుల్ని కాస్త మెరుగుపెట్టి చూపిస్తాం.

ఇందులో కొంత పుట్టుకతోనే వస్తుందట. ఇక్కడే మన టెక్సస్‌లో, ఆస్టిన్ విశ్వవిద్యాలయంలో జూడిత్ లాంగ్లోయి అనే ప్రొఫెసర్ బృందం 1987లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. పెద్దవాళ్ళు అందంగా ఉన్నాయన్న ముఖాలనే, నెలల పిల్లలు కూడా ఎక్కువసేపు చూశారు. ఉగ్గుపాలు తాగే పిల్లలకి సినిమాలెవరు చూపించారు, ప్రకటనలెవరు చూపించారు? అదే ప్రొఫెసర్ 1990లో ఇంకో సంగతి చూపించారు. చాలామంది ముఖాల్ని కంప్యూటర్లో కలిపి "సగటు ముఖం" తయారుచేస్తే, విడివిడి ముఖాల్లో చాలావాటికన్నా అదే అందంగా ఉందన్నారట చూసినవాళ్ళు.

రెండో జవాబు డబ్బుకి సంబంధించింది. డేనియల్ హామర్‌మెష్, జెఫ్ బిడిల్ అనే ఆర్థికవేత్తలు 1994లో ఒక లెక్క తీశారు. రూపం సగటు కన్నా తక్కువని అంచనా వేసినవాళ్ళ సంపాదన, సగటువాళ్ళ కన్నా 5 నుంచి 10 శాతం తక్కువ. అంతకుముందే 1972లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకోటి గమనించారు. అందమైన ఫోటో చూపిస్తే, ఆ మనిషి మంచివాడనీ, జీవితంలో పైకొస్తాడనీ జనం ఊహించేసుకుంటారు. ముఖం చూసి గుణం లెక్కగట్టడమన్నమాట! కాబట్టి ఇంటర్వ్యూకి ముందు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకునేవాణ్ణి డాంబికుడు అనలేం. లోకం ఎలా చూస్తుందో తెలిసి లెక్క వేసుకున్నవాడు, అంతే.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నెలల పిల్లలు తెల్ల రంగుని కోరుకుంటారని గానీ, నల్ల రంగు జబ్బుకి గుర్తని గానీ ఈ పరిశోధనలేవీ చెప్పలేదు. మరి రంగు గొడవ ఎక్కణ్ణించి వచ్చింది?

రంగు చెప్పే కథ

మన ఊళ్ళనే తీసుకోండి. నాట్లు వేసేవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు రోజంతా ఎండలో ఉండాలి. నీడపట్టున కూర్చునేవాడు ఎవరు? పొలం గలవాడు. అంటే చర్మం రంగు చూడగానే "ఈ మనిషి ఎండలో కష్టపడక్కర్లేదు" అన్న కబురు అందుతుంది. దానికి కులం తోడైంది, ఆపైన తెల్లదొరల పాలన తోడైంది. చివరికి మన భాషలో కూడా చేరిపోయింది. "ఎర్రగా బుర్రగా ఉన్నాడు" అంటే మెప్పు. "రంగు తక్కువైనా కళగా ఉంది" అంటే ఓదార్పు. రంగు తక్కువవడమేమిటి, పాలల్లో పంచదారలాగా?

యూరప్‌లోనూ మొదట ఇదే కథ. పొలం కూలీల చర్మం ఎండకి కమిలేది. దొరసానులు తెల్లగా కనబడాలని 16వ శతాబ్దంలో ముఖానికి సీసంతో చేసిన తెల్లపూత పూసుకునేవారు. సీసం విషం, చర్మాన్నీ తినేస్తుంది, ఒంటినీ తినేస్తుంది. అయినా పూసుకున్నారు. తర్వాత ఫ్యాక్టరీలొచ్చాయి. కూలీలు పొలం వదిలి, ఎండ పొడ సోకని షెడ్లలో పాలిపోయారు. సముద్రతీరానికి వెళ్ళి తీరిగ్గా ఎండలో పడుకోగలిగేది డబ్బున్నవాళ్ళే. దాంతో 1920లలో లెక్క తారుమారైంది. ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్ పేరు ఈ మార్పుకి ముడిపెట్టి చెబుతుంటారు. అప్పట్నుంచి కమిలిన రంగే గొప్పింటి గుర్తు.

ఇప్పుడు నా రెండు వ్యతిరేక ఫలితాలకి జవాబు దొరికింది. గుంటూరులోనూ డాలస్‌లోనూ నడుస్తున్న కోడ్ ఒకటే: "నాకు తీరిక ఉంది, నేను కూలీని కాను." ఒకచోట ఆ మాట తెల్లరంగుతో చెబుతారు, ఇంకోచోట ఎండకి కమిలిన రంగుతో చెబుతారు.

అసలు చర్మానికి రంగెందుకుందో కూడా మా అమ్మాయికి చెప్పాను. మెలనిన్ అనే పదార్థం మన ఒంట్లో తయారయ్యే గొడుగు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు చర్మకణాల్ని పాడుచెయ్యకుండా, ఒంట్లో ఫోలేట్ అనే విటమిన్‌ని చెడగొట్టకుండా అది అడ్డుకుంటుంది. ఎండ ఎక్కువున్న దేశాల్లో గొడుగు మందంగా ఉండాలి. ఎండ తక్కువున్నచోట విటమిన్ డి తయారవ్వాలి కాబట్టి పలచగా ఉన్నా ఫర్వాలేదు. చర్మం రంగుని నిర్ణయించే జన్యువుల్లో ఒకటైన ఎస్‌ఎల్‌సి24ఎ5 గురించి 2005లో పెన్సిల్వేనియా శాస్త్రవేత్తలు కనుక్కున్నారు, అదీ అక్వేరియంలో పెంచుకునే జీబ్రా చేపల ద్వారా! ఆ జన్యువులో లేత రంగునిచ్చే మార్పు యూరప్‌వాళ్ళకీ, దక్షిణాసియాలో చాలామందికీ ఒకే పూర్వీకుల నుంచి వచ్చిందని 2013లో తేలింది. ఆ పరిశోధనలో మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఇలాంటి జన్యువులు ఇంకా ఎన్నో కలిస్తే ఒక మనిషి రంగు. అందుకే ఒకే ఇంట్లో అక్క ఒక రంగు, తమ్ముడు ఒక రంగు.

మా అక్క ముఖం

అక్క అంటే గుర్తొచ్చింది. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. అక్కే రాయమంది.

నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో అక్కకి సంబంధాలు చూస్తున్నారు. ఎం.ఎస్సీ. ఫస్ట్ క్లాసులో పాసైంది. అయినా మూడు సంబంధాలు "అమ్మాయి కాస్త చాయ తక్కువ" అని తప్పిపోయాయి. నాలుగో పెళ్ళిచూపులకి ముందు ఎవరో చెబితే మందుల షాపులో ఒక ట్యూబు కొనుక్కొచ్చారు. డాక్టరు చీటీ ఎవరూ అడగలేదు. రెండు వారాల్లో ముఖం తెల్లబడింది, ఇంట్లో పండగ. ఆర్నెల్లు రాసింది. ఆ తర్వాత ఎండలోకి వెళ్తే మంట. బుగ్గల మీద ఎర్రటి నరాలు తేలాయి, చర్మం ఉల్లిపొరలా పలచబడింది. రాయడం మానేస్తే ముఖమంతా ఎర్రబడి కురుపులు. చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్తే, అందులో స్టెరాయిడ్ ఉందని చెప్పారు. బాగుపడటానికి రెండేళ్ళు పట్టింది.

రంగు మార్చే పూతలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడం మంచిది. మెలనిన్ తయారీకి ఒక ఎంజైమ్ కావాలి. పాదరసం, హైడ్రోక్వినోన్ దాన్ని అడ్డుకుంటాయి. పాదరసం చర్మంలోంచి ఒంట్లోకి దిగి మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. అందుకే 2013లో కుదిరిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందంలో పాదరసం కలిపిన సౌందర్య సాధనాల్ని కూడా చేర్చారు. హైడ్రోక్వినోన్ క్రీముల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మడం అమెరికాలో 2020లో ఆపేశారు. ఇండియాలో 2018లో చర్మానికి రాసే పలురకాల స్టెరాయిడ్లని చీటీ లేకుండా అమ్మకూడదన్నారు. కాబట్టి ఊరినుంచి వచ్చేవాళ్ళు సూట్‌కేసులో తెచ్చే పేరు తెలియని ట్యూబుల విషయంలో జాగ్రత్త. రెండు వారాల్లో తెల్లబడ్డారంటే సంతోషించకండి, అనుమానించండి.

మన తెల్ల స్నేహితులేం తక్కువ తినలేదు. వాళ్ళు కరెంటు దీపాల పెట్టెల్లో పడుకుని రంగు తెచ్చుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లో ఆ పెట్టెల్ని పొగాకు ఉన్న జాబితాలోనే చేర్చింది.

అమ్మలే ఎందుకు కట్టారు?

అక్క ముఖానికి ఆ పూత రాసింది మా అమ్మే. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు ఇంత పని ఎలా చేస్తారు?

దీనికి జవాబు నాకు చైనా చరిత్రలో దొరికింది. అక్కడ సుమారు వెయ్యేళ్ళపాటు ఆడపిల్లల పాదాలు చిన్నప్పుడే గట్టిగా కట్టేసేవారు. వేళ్ళు విరిగి అరికాలి కిందకి మడతపడేవి. కట్టేది ఎవరు? ఎక్కువగా తల్లులూ, నాయనమ్మలే. పిల్ల ఏడుస్తుంటే తామూ ఏడుస్తూ కట్టేవారు. ఎందుకంటే పెద్ద పాదాల పిల్లకి మంచి సంబంధం రాదు. ఒక్క తల్లి ధైర్యం చేసి మానేస్తే, నష్టపోయేది ఆమె కూతురే. కాబట్టి అందరికీ చెడ్డదని తెలిసినా ఎవరూ ఆపలేరు. 17వ శతాబ్దంలో మంచూ చక్రవర్తులు నిషేధించి చూశారు, లాభం లేకపోయింది.

మరి ఎలా ఆగింది? 19వ శతాబ్దం చివర్లో కొన్ని కుటుంబాలు కలిసి సంఘాలు పెట్టుకున్నాయి. సభ్యులు రెండు మాటలివ్వాలి. ఒకటి, మా కూతురి పాదాలు కట్టం. రెండు, మా కొడుక్కి పాదాలు కట్టిన పిల్లని చేసుకోం. రెండో మాటలోనే ఉంది కిటుకంతా. కట్టని పిల్లలకి సంబంధాలు అక్కడే దొరుకుతాయి కాబట్టి, తల్లి భయానికి కారణం పోయింది. 1912లో కొత్త రిపబ్లిక్ ప్రభుత్వం నిషేధించేనాటికి దారి పడింది. వెయ్యేళ్ళ ఆచారం కొన్ని దశాబ్దాల్లో కనుమరుగైంది.

జపాన్‌లోనూ ఇలాంటిదే. పెళ్ళైన ఆడవాళ్ళు పళ్ళకి నల్లరంగు వేసుకోవడం అక్కడ శతాబ్దాల అందం. 1873లో మహారాణి తెల్లని పళ్ళతో జనానికి కనిపించింది. ఆ తర్వాత నల్లపళ్ళు క్రమంగా పాతబడిపోయాయి. అందం కొలత రాతిమీద చెక్కింది కాదు. నలుగురూ కలిసి పెట్టుకున్నది. నలుగురూ కలిస్తే మారుతుంది.

మన సంగతి చూడండి. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. 2005లో మగవాళ్ళకి విడిగా ఇంకో కంపెనీ ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ తెచ్చింది. 2020లో అమెరికాలో నల్లజాతివారి ఉద్యమం ఉధృతంగా సాగాక, మొదటిదాని పేరులో "ఫెయిర్" తీసేసి "గ్లో" చేర్చారు. అదే ఏడాది అమెరికాలో ఉంటున్న ఒక భారతీయ మహిళ మొదలుపెట్టిన సంతకాల సేకరణ తర్వాత, పేరున్న పెళ్ళిసంబంధాల వెబ్‌సైటు ఒకటి చర్మరంగుని బట్టి వెతికే సదుపాయాన్ని తొలగించింది. పేర్లు మారాయి. మరి మన మాటలు?

పిల్లలు ఎంత తొందరగా నేర్చుకుంటారో ఈ దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణే ఉంది. 1940లలో కెనెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి "ఇందులో మంచి బొమ్మ ఏది?" అని అడిగారు. ఎక్కువమంది తెల్లబొమ్మని చూపించారు. మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలు! బళ్ళలో నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టడం చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధనని ప్రస్తావించారు. మా అమ్మాయి కడుపునొప్పికీ ఆ బొమ్మలకీ పెద్ద తేడా నాకు కనబడలేదు.

మనమేం చెయ్యగలం?

అలంకారం మానెయ్యమని నేననను. మా ఆవిడ పట్టుచీర కట్టి జడలో మల్లెపూలు పెట్టుకుంటే నాకూ ఇష్టమే. పండక్కి పిల్లలకి నలుగు పెట్టి తలంటడం మానక్కర్లేదు. నేను కూడా పలచబడుతున్న జుట్టుని అద్దంలో చూసుకుని దిగులుపడేవాణ్ణే! ఉన్నదానికి మెరుగు పెట్టుకోవడం సరదా. ఉన్నదాన్ని చూసి సిగ్గుపడి చెరిపేసుకోవాలనుకోవడం జబ్బు. నేను గీసుకున్న గీత అది.

ఇక రెండో పని, చైనా కుటుంబాలు చేసిందే. మన సంఘం పత్రికలో పెళ్ళి సంబంధాల ప్రకటనలకి ఒక పేజీ ఉంది. "తెల్లని, అందమైన వధువు కావలెను" అని ఇప్పటికీ కనబడుతోంది. రంగు ప్రస్తావన లేకుండా ప్రకటన ఇస్తామనీ, రంగు అడిగే సంబంధానికి వెళ్ళమనీ ఒక పాతిక కుటుంబాలు కలిసి మాటిస్తే ఎలా ఉంటుంది? ఒక్కరం చేస్తే మన పిల్ల నష్టపోతుందన్న భయం ఉండదు. మొదటి పేరు నాది రాసుకోండి.

ఈ వ్యాసం మొదలుపెట్టేముందు అమ్మకి ఫోన్ చేశాను. పిల్ల ఈత మానేసిందని చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నేను కాపురానికొచ్చిన రోజున మా అత్తగారు నన్ను చూసి అన్న మొదటి మాట అదేరా" అంది. యాభై ఏళ్ళు దాచుకుందా మాట. ఆ సాయంత్రం వీడియోలో మనవరాలితో "నాకూ నీ రంగే తల్లీ, చూడు" అని తన చెయ్యి కెమెరాకి దగ్గరగా పెట్టింది. మా అమ్మాయి తన చెయ్యి స్క్రీన్ మీద పెట్టి పోల్చి చూసుకుంది.

మొన్న శనివారం క్లాసుకి వచ్చింది. సన్‌స్క్రీన్ రాశాం, అది ఏ రంగు చర్మానికైనా అవసరమే. పొడుగు చేతుల ఈత చొక్కా మాత్రం వేసుకుంటానని పట్టుబట్టింది. ఎండకోసమా, రంగుకోసమా అని నేనడగలేదు. నీళ్ళలోకి దూకింది. ప్రస్తుతానికి అది చాలు.